కుచ్చున్న దండ లెక్క

మాదాపూర్‌లోని ఆ ఐదంతస్తుల ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పే నాగేశ్వరి మేడమ్ ఇచ్చిన కీ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మారలేదు. ఇదేం పెద్ద ఘనత అని ఎవరైనా మూతి విరిస్తే, వాళ్లు ఇలాంటి కాలేజీల గడప తొక్కనివాళ్లని నమ్మొచ్చు. కీ అంటే జవాబుల పట్టిక. పరీక్ష అయిన మర్నాడు పొద్దున నోటీసు బోర్డుకి అంటిస్తారు. అంటించిన పావుగంటకల్లా పిల్లలు మీద పడి, ఫలానా ప్రశ్నకి రెండు జవాబులున్నాయని, ఫలానా దానికి అసలు జవాబే లేదని యుద్ధం మొదలుపెడతారు. ఫిజిక్స్ సార్ నెలకోసారైనా తల వంచుతాడు. కెమిస్ట్రీ వాళ్ల సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. నాగేశ్వరి కీ మాత్రం అంటించాక దాని వంక ఎవరూ అనుమానంగా చూడరు. ప్రశ్నలో తప్పుండొచ్చేమో గానీ మేడమ్ కీలో తప్పుండదని పిల్లలు ఏటేటా కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పి మరీ వెళతారు.

ఆవిడకి నలభై తొమ్మిదేళ్లు. సొంతూరు తణుకు దగ్గర. భర్త భీమేశ్వరరావుకి వాణిజ్య పన్నుల శాఖలో ఉద్యోగం. ఆయన వెంట ఇరవై రెండేళ్ల కింద హైదరాబాద్ వచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. అప్పటికి మణికొండలో బండలూ తుప్పలూ తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వాళ్ల ఫ్లాటు కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంటు వాళ్ల పోపు వాసన నేరుగా లోపలికొస్తుంది. ఒక్కతే కూతురు, ఆమని. తల్లి పాఠం చెప్పే కాలేజీలోనే ఇంటర్ రెండో ఏడు.

లెక్కల్లో మిగతా పాఠాలు ఎవరైనా చెబుతారు. ప్రస్తారాలూ సంయోగాలూ అంటే మాత్రం తోటి లెక్చరర్లు నాగేశ్వరికే వదిలేసేవారు. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. వేరే లెక్కలో తప్పు చేస్తే చివర ఏదో పిచ్చి సంఖ్య వచ్చి పట్టిస్తుంది. ఇన్ని రకాలుగా నిలబెట్టొచ్చు, ఇన్ని రకాలుగా ఏరొచ్చు అనే ఈ లెక్కల్లో తప్పు జవాబు కూడా ఒప్పు జవాబంత నిబ్బరంగా కూర్చుని ఉంటుంది. సూత్రం అందరికీ తెలుసు. ఎక్కడ ఏది వాడాలో తెలియడమే విద్య.

ఆ విద్య ఆవిడకి పుట్టుకతో వచ్చినట్టుండేది. కేబుల్ బ్రిడ్జి మీద ఫొటోకి నిలబడ్డ ఐదుగురు స్నేహితుల్లో అలిగిన ఇద్దరు పక్కపక్కన రాకూడదంటే ఎన్ని ఫొటోలు తియ్యాలి? ఆఫీసు లిఫ్టు ఎక్కిన ఎనిమిది మంది ఐదంతస్తుల్లో ఎన్ని రకాలుగా దిగుతారు? అన్నీ ఈ చుట్టుపక్కల కనిపించే వాటితోనే చెప్పేది. ఎదురుగా ఉన్న గాజు భవనాల్లో పనిచేసే పాత శిష్యులు ఇప్పటికీ టీ బండి దగ్గర ఎదురుపడితే, మెడలో కార్డు సర్దుకుని, ఆవిడ నేర్పిన మాట అప్పజెప్పేవాళ్లు. "గుండ్రమంటే ఒకటి తగ్గించు, దండంటే సగం చెయ్. గుర్తుందా మేడమ్?" అని. ఆవిడ మొహం చాటంత అయ్యేది.

ఆ మాట అర్థం ఇంతే. ఆరు రంగుల పూలు వరసగా పెడితే ఏడువందల ఇరవై రకాలు. వాటినే గుండ్రంగా దండ కడితే మొదలెక్కడో చివరెక్కడో ఎవరూ చెప్పలేరు, కనుక ఒక పువ్వుని కదలకుండా పట్టుకుని మిగతా ఐదింటినే మార్చాలి, నూట ఇరవై. దండని బోర్లా తిప్పినా అదే దండ, కనుక అందులో సగం, అరవై. ఈ ముక్కని ఆమనికి ఏడో తరగతిలో ఉన్నప్పుడే వంటింట్లో చపాతీలు ఒత్తుతూ నేర్పేసింది.

ఆ డిసెంబరులో డీన్ సుబ్బరాయుడు గారు ఒక హుకుం జారీ చేశారు. ఆయనది ప్రొద్దుటూరు, మాట గట్టి, మనసు మెత్తన. పాత ప్రశ్నలన్నీ పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి, వచ్చే పరీక్షకి ప్రతి ప్రశ్నా కొత్తగా రాయాల్సిందే అన్నారు. ఆ పరీక్ష మామూలుది కాదు. రెండువందల పది మంది రాస్తే పై నలభై మందిని ఏరి, ఐదో అంతస్తు హాల్లో విడిగా కూర్చోబెట్టి, మెయిన్ పరీక్షల దాకా మంచి లెక్చరర్లందరినీ వాళ్లకే ఇస్తారు. మిగతా నూటడెబ్బై మందీ నాలుగో అంతస్తులో రెండు గదుల్లో ఇరుక్కుని చదువుకోవాలి. అక్కడ డౌటు అడగాలంటే వంతు రావడానికి వారం. ఆరు వారాలకోసారి ఈ కలిపి పంచడం జరుగుతుంది. దాన్ని షఫ్లింగ్ అంటారు. పేకముక్కలకి వాడే మాట పిల్లలకి వాడుతున్నామని ఎవరికీ సిగ్గు లేదు. ఇది ఆఖరి షఫ్లింగ్.

నాగేశ్వరి గురువారం సాయంత్రం ఇంటికి వెళుతూ శుక్రవారం పూజకి దండ కొంది. చామంతులు, మధ్యలో మరువం, కింద గులాబీల కుచ్చు. స్కూటీ హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తుంటే సిగ్నల్ దగ్గర ప్రశ్న తట్టింది. ఇంటికెళ్లి రాసేసింది. ఆరు వేర్వేరు రంగుల పూలతో, కింద ఒక కుచ్చుతో, ఒక దండ కట్టాలి, ఎన్ని విధాలుగా కట్టవచ్చు? ఇచ్చిన జవాబులు అరవై, నూట ఇరవై, మూడువందల అరవై, ఏడువందల ఇరవై. కీలో అరవై అని రాసి సంతకం పెట్టింది. కుచ్చుని అందానికి పెట్టింది. దండ అనగానే ఇరవై రెండేళ్లుగా సగం చేసిన చెయ్యి తనంతట తాను సగం చేసేసింది. కుచ్చు లెక్కలో కూర్చుంటుందన్న ఆలోచనే రాలేదు.

శనివారం పరీక్ష. ఆదివారం పొద్దున కీ, దానితోపాటు తాత్కాలిక జాబితా బోర్డుకెక్కాయి. నలభయ్యో పేరు ఆమనిది, రెండువందల పదకొండు మార్కులు.

మేడమ్ కూతురై ఉండి నాలుగో అంతస్తేనా అనే మాట ఆమని రెండేళ్లుగా వింటోంది. మెట్ల మీద విన్నది, క్యాంటీన్‌లో విన్నది, ఒకసారి తల్లి పక్కన ఉండగానే విన్నది. ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి తన పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. తండ్రికి ఫోన్ చేసింది. ఈ రాత్రికి బయట తిందాం, ఎక్కడో నువ్వే చెప్పు అన్నాడాయన. స్టాఫ్‌రూమ్ తలుపు దగ్గరికొచ్చి తల్లిని చూసి ఒక్క నవ్వు నవ్వి వెళ్లిపోయింది. అలా నవ్వగా నాగేశ్వరి చూసి చాలా కాలమైంది.

మధ్యాహ్నం రెండు నలభైకి ప్రవీణ అనే పిల్ల అభ్యంతరాల చీటీ పట్టుకుని వచ్చింది. లింగంపల్లి నుంచి రోజూ వచ్చే పిల్ల. వాళ్ల నాన్న ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. క్లాసులో నోరు విప్పడం తక్కువ.

"మేడమ్, జర ఒక్కటి అడగాలె."

"నాలుగింటికి చీటీలు మూసేస్తారు. త్వరగా చెప్పు."

"దండ లెక్క మేడమ్. నాకు మూడువందల అరవై వచ్చింది."

నాగేశ్వరి నవ్వింది. "గుండ్రమంటే ఒకటి తగ్గించు, దండంటే..."

"సగం చెయ్. అది ఎరికే మేడమ్. కుచ్చు లేకుంటే అరవయ్యే. గీడ కుచ్చున్నది కదా." ప్రవీణ చీటీ వెనకవైపు ఒక గుండ్రం గీసి, చుట్టూ ఆరు చుక్కలు పెట్టి, కింద చిన్న గీత గీసింది. కాగితాన్ని బల్ల మీద మెల్లగా తిప్పింది. గీత పక్కకి పోయింది. "గిట్ల తిప్పితే కుచ్చు గూడ తిరుగుతది. కుచ్చు పక్కన ఇంతకుముందు ఎర్రపువ్వు ఉండె, ఇప్పుడు గూడ ఎర్రపువ్వే ఉంటది. కుచ్చుని మళ్ల కిందికి తేవాలంటే దండ మొత్తం వెనక్కి రావాలె. అంటే మొదలు ఏడనో కుచ్చే చెప్తది కదా మేడమ్. ఒకటి ఎందుకు తగ్గించాలె?"

నాగేశ్వరి ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని లెక్క కట్టింది. ఏడువందల ఇరవై, బోర్లా తిప్పితే సగం, మూడువందల అరవై. రెండు నిమిషాల లెక్క. ఎర్ర పెన్ను తీసి ఇంకో దారిలో చేసింది. కుచ్చుని ఏడో పువ్వు అనుకుంటే, ఒకటి తగ్గిస్తే ఆరు, మళ్లీ ఏడువందల ఇరవై, సగం చేస్తే మూడువందల అరవయ్యే.

"చూస్తాను. నువ్వు వెళ్లు" అంది.

"ఇది ఆఖరి షఫ్లింగ్ మేడమ్" అంది ప్రవీణ. అడుక్కుంటున్నట్టు కాదు, సమాచారం ఇస్తున్నట్టు. చీటీ బల్ల మీద పెట్టి వెళ్లి మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. తలుపు సందులోంచి ఆ పిల్ల చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి.

సబ్జెక్టు హెడ్ కాబట్టి జాబితా కాపీ నాగేశ్వరి దగ్గరుంది. ఎవరు ఏ ప్రశ్నకి ఏం పెట్టారో కూడా అందులోనే ఉంది. రెండువందల పది మందిలో మూడువందల అరవై పెట్టినవాళ్లు ఆరుగురు. ఐదుగురు నూటయాభై మార్కులు దాటనివాళ్లు, గుడ్డిగా పెట్టి ఉంటారు. ఆరో పిల్ల ప్రవీణ, రెండువందల అయిదు మార్కులు, నలభై ఆరో పేరు. ఆమె పైనున్న నలభై ఐదుగురూ అరవయ్యే పెట్టారు.

ఒప్పుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. కీ సరిచేస్తే అరవై పెట్టిన ప్రతివాళ్లకీ ఐదు తగ్గుతాయి, ప్రవీణకి ఐదు పెరుగుతాయి. ప్రవీణ రెండువందల పది, ఆమని రెండువందల ఆరు. పై ముప్పై తొమ్మిది మందీ హాయిగా పైనే ఉంటారు. మారేది ఒక్క కుర్చీ. నలభయ్యో కుర్చీ.

నాగేశ్వరి మళ్లీ కూడింది. ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చింది. ఎక్కడైనా, ఏ అడుగులోనైనా ఆ పిల్లే తప్పయి ఉండాలని ఆవిడ ఆ అరగంట కోరుకుంది. లెక్కలు చెప్పే మనిషి ఒక పిల్ల లెక్క తప్పు కావాలని మొక్కుకోవడం ఎంత సిగ్గుచేటో ఆవిడకి తెలుసు, తెలిసీ కోరుకుంది. కుచ్చు సన్నగా ఉంటే లెక్కలోకి రాదని వాదించొచ్చా? దండ అన్నాం కాబట్టి మామూలు దండే అనుకోవాలని అనొచ్చా? ఆవిడ అంటే ఎదురు చెప్పేవాళ్లెవరు ఆ కాలేజీలో? పదకొండేళ్ల పేరు ఉండనే ఉంది. "తిరస్కరించడమైనది" అన్న గడిలో ఒక టిక్కు పెడితే అయిపోతుంది. పెన్ను రెండుసార్లు ఆ గడి దాకా వెళ్లి వచ్చింది. భర్తకి ఫోన్ చేద్దామనుకుని మానేసింది. ఆయన ఏమంటాడో తెలుసు, తనకి వినాలని ఉన్నదే అంటాడు. అది ఇంకా భయం.

మూడున్నర దాటాక చీటీ తీసుకుని డీన్ గదికి వెళ్లింది. సుబ్బరాయుడు గారు చూశారు, రెండు నిమిషాలు గొణుక్కున్నారు, అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పాప చెప్పింది కరెక్టే మేడమ్."

"అవునండి. తప్పు నాదేనండి."

"ఏమైపోయిందిప్పుడు? ఆకాశం ఊడిపడిందా? ప్రశ్న సరిగా లేదని చెప్పి బోనస్ ఇచ్చేద్దాం. అందరికీ నాలుగు మార్కులు. ఎవురికీ పోయేది లేదు, ఎవురూ మాట్లాడరు." చీటీలో వేలు పెట్టి చూపించారు. అందులో మూడు గడులు ఉన్నాయి. తిరస్కరణ, బోనస్, సవరణ.

నాగేశ్వరి బుర్ర అడగకముందే లెక్క కట్టేసింది. బోనస్ ఇస్తే అరవై పెట్టినవాళ్లకి ఉన్న నాలుగూ ఉంటాయి. ప్రవీణకి కోత పోయి నాలుగు వస్తాయి, రెండువందల పది. ఆమని రెండువందల పదకొండు. ఒక్క మార్కు తేడాతో నలభయ్యో కుర్చీ ఆమనిదే. పైగా చూసేవాళ్లకి ఎంత ధర్మంగా ఉంటుంది! మేడమ్ తప్పు ఒప్పుకుంది, అందరికీ మార్కులిప్పించింది, ఎవరినీ బాధపెట్టలేదు అంటారు. ప్రవీణే స్వయంగా వచ్చి థాంక్స్ చెబుతుంది. ఎవరూ వేలెత్తి చూపలేని పని.

"మీ పాప గూడా లిస్టులో ఉండాది కదా" అన్నారు డీన్, ఎటో చూస్తూ. ఆయన కూడా లెక్క కట్టినట్టున్నారు. "రెండేండ్లు కష్టపడింది. నేను చూసినా."

నాగేశ్వరి పెన్ను పట్టుకుంది. పొద్దున తలుపు దగ్గర ఆమని నవ్విన నవ్వు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. గోడ గడియారంలో మూడు నలభై ఎనిమిది.

"బోనస్ ఎప్పుడిస్తామండి?"

"ప్రశ్నలో తప్పుంటే."

"ఈ ప్రశ్నలో తప్పు లేదండి. బంగారంలాంటి ప్రశ్న. జవాబు కూడా అందులోనే ఉంది, ఒక పిల్ల చేసి చూపించింది కూడాను. తప్పు నా కీలో ఉంది." చీటీని తన వైపు లాక్కుంది. "మా పాప పెట్టింది అరవై అండి. అరవై తప్పు."

డీన్ ఇంకేదో అనబోయారు. ఆవిడ మూడో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, టైము వేసింది. మూడు యాభై రెండు. బయటికొచ్చి ప్రవీణతో "నీది కరెక్టు" అని మాత్రం అంది. ఆ పిల్ల ఏమందో వినకుండా బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు నీళ్లు పోనిచ్చింది.

ఐదింటికి కొత్త జాబితా ఎక్కింది. ముప్పై ఆరో పేరు ప్రవీణ. నలభై ఒకటో పేరు ఆమని. కింద గీత గీసి ఉంది కాబట్టి నలభై ఒకటి అంటే నాలుగో అంతస్తు.

ఆమనికి ముందుగా తానే చెప్పాలని నాగేశ్వరి అనుకుంది. కిందికి దిగేసరికి ఆ పిల్ల పార్కింగులో స్కూటీ పక్కన హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉంది. అద్దం కిందికి దించేసింది. చూసేసిందని తెలుస్తూనే ఉంది.

"ఆమనీ..."

"పద అమ్మా. ట్రాఫిక్ అవుతది."

ఆదివారం సాయంత్రం జనమంతా కేబుల్ బ్రిడ్జి వైపే. వెనక కూర్చున్న పిల్ల మామూలుగా తల్లి నడుము పట్టుకుంటుంది, ఆ రోజు బండి వెనక కమ్మీ పట్టుకుంది. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర నూటయాభై సెకన్ల ఎర్రలైటు పడింది. నాగేశ్వరి వెనక్కి తిరగకుండానే మొత్తం చెప్పింది. కుచ్చు సంగతి, బోనస్ సంగతి, ఒక్క మార్కు సంగతి. దాచుకోకుండా చెప్పింది.

"నువ్వు కూడా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే వచ్చేదమ్మా ఆ జవాబు. సూత్రం గుడ్డిగా పట్టుకుని చెయ్యకూడదని వందసార్లు చెప్పాను" అంది చివరికి. నిందించాలని కాదు, తన సంతకాన్ని తాను నిలబెట్టుకోవాలి కదా, అందుకు ఏదో ఒకటి అనేసింది.

లైటులో అంకెలు ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది.

"నాకు మూడొందల అరవై వచ్చిందమ్మా" అంది ఆమని.

"ఏంటీ?"

"ముందు అదే వచ్చింది."

పచ్చలైటు పడింది. వెనక కార్లన్నీ ఒక్కసారి హారన్లు కొట్టాయి. నాగేశ్వరి బండి స్టార్ట్ చేసింది గానీ రోడ్డు సరిగ్గా కనిపించలేదు. ఖాజాగూడ మలుపులో ఒక ఆటో ఆవిణ్ణి తిట్టి మరీ పోయింది.

ఇంటికొచ్చాక నాగేశ్వరి హెల్మెట్ తియ్యకుండానే కూతురి బ్యాగు అందుకుంది. ప్రశ్నల పుస్తకం తీసి ఆ పేజీ తిప్పింది. పక్కనున్న ఖాళీలో గుండ్రం గీసి ఉంది, చుట్టూ ఆరు చుక్కలు, కింద కుచ్చు. పొందిగ్గా, తల్లి నేర్పిన పద్ధతిలో. ఏడువందల ఇరవై, దాంట్లో సగం, మూడువందల అరవై. దాని చుట్టూ పెట్టె కూడా గీసింది. ఆ పెట్టె మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, కింద చిన్న అక్షరాలతో "దండ = సగం, 60" అని రాసి ఉంది.

"చేశావు కదే! ఎందుకు కొట్టేశావు?" దాదాపు అరిచింది నాగేశ్వరి.

హాల్లో టీవీ చూస్తున్న భీమేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఎక్కడ తిందాం అని అడగబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఆగిపోయాడు.

"పేపర్ నువ్వు పెట్టావని తెలుసు కదా" అంది ఆమని. ఏడవలేదు. సోఫా అంచున కూర్చుని షూ లేసు విప్పుకుంటోంది. "దండ అంటే నువ్వు అరవై అంటావు. నీకు తప్పు రాదు. నాకే ఎక్కడో తప్పొచ్చిందనుకున్నా. ఎక్కడొచ్చిందా అని ఐదు నిమిషాలు వెతికానమ్మా, దొరకలేదు. దొరక్కపోయినా కొట్టేశా."

నాగేశ్వరి ఆ పుస్తకాన్ని మూసి బల్ల మీద పెట్టింది. కూతురు ఆలోచించలేదు కాబట్టి కుర్చీ పోయిందని మధ్యాహ్నం నుంచి మనసుకి చెప్పుకుంటున్న మాట ఒకటుంది, అది కాస్తా పోయింది. ఆ పిల్ల ఆలోచించింది. సరిగ్గా ఆలోచించింది. ఆ ఆలోచన మీద గీత కొట్టించింది తల్లి పేరు. డీన్ గదిలో పెట్టిన సంతకానికి ఆవిడ పశ్చాత్తాపపడలేదు, ఇప్పుడు అడిగినా అదే గడిలో పెట్టేది. కానీ ఇరవై రెండేళ్లుగా తాను ఏం నేర్పుతున్నట్టు? ఆ ప్రశ్న గుండెల్లో దిగబడి, తెల్లారినా పోలేదు.

సోమవారం పొద్దున ఇద్దరూ కలిసే లిఫ్టు ఎక్కారు. నాలుగో అంతస్తులో ఆమని దిగింది. వెనక్కి చూడలేదు. లిఫ్టు తలుపులు మూసుకుని ఐదుకి వెళ్లింది.

కొత్త హాల్లో నలభై మంది లేచి నిలబడి కూర్చున్నారు. కొత్త నోటుపుస్తకాల వాసన. ముందు వరసలో కిటికీ పక్కన ప్రవీణ ఉంది. నాగేశ్వరి హాజరు తియ్యలేదు. బోర్డు మీద గుండ్రం గీసి, ఆరు చుక్కలు పెట్టి, కింద కుచ్చు గీసింది. లెక్క మొదటి నుంచి చివరిదాకా చేసింది. మూడువందల అరవై దగ్గర సుద్దముక్క విరిగింది.

"ఇది నేను తప్పు చేశాను. ప్రవీణ సరిదిద్దింది. మీరంతా అరవై పెట్టారు, మీకు ఐదేసి మార్కులు పోయాయి" అంది. "నేను ఒకటడుగుతాను. నిజం చెప్పండి, ఎవరినీ ఏమీ అనను. మూడువందల అరవై వచ్చి కూడా, నా కీ ఎలా ఉంటుందో ఊహించుకుని కొట్టేసినవాళ్లు ఎంతమంది?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగేశ్వరి బల్లని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఒక్కరూ ఎత్తకూడదని ఆవిడ ఆశపడింది. అలా జరిగితే తన ఇంట్లో జరిగింది తన ఇంటిదే అవుతుంది. మూడో బెంచీలో ఒక పిల్లవాడు మెల్లగా చెయ్యెత్తాడు. వాడి వెనక ఇద్దరు అమ్మాయిలు. గోడ పక్కన ఒకడు. తరవాత కుడివైపు వరసలో చేతులు వెంటవెంటనే లేచాయి. ప్రవీణ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ముందుకి తిరిగి తల దించుకుంది.

నాగేశ్వరి లెక్కపెట్టింది. పదకొండు. ఏదైనా చెయ్యి రెండుసార్లు లెక్కలో పడిందేమోనని చివరి బెంచీ నుంచి మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే. కింద నాలుగో అంతస్తులో ఉన్న చేతితో కలిపి పన్నెండు.